ఇస్మాయిల్‌ని సాక్ష్యానికి పిలవకండి

మమ్మల్ని కొట్టడానికి కొందరి చేతికి ఎప్పుడూ ఒక కర్ర దొరుకుతూ ఉంటుంది. ఆ కర్ర పేరు ఇస్మాయిల్.

'మీరూ ముస్లింలే, ఆయనా ముస్లిమే. నేను సాయిబునండీ, నన్ను చూడండీ అని ఆయన ఏనాడన్నా కవిత్వంలో ఏడ్చాడా? చెట్టు మీద రాశాడు, వాన మీద రాశాడు, పిట్ట మీద రాశాడు. కవిత్వమంటే అదీ. మీకేమో బాబ్రీ మసీదు, బుర్ఖా తప్ప ఇంకోటి కనపడదు.'

ఈ మాట మేం ఎన్ని సభల్లో విన్నామో లెక్కలేదు. అన్నవాళ్ళు కాషాయం కట్టినవాళ్ళు కాదు. మాతో కలిసి టీ తాగేవాళ్ళు, రంజాన్‌కి మా ఇళ్ళకొచ్చి షీర్ ఖుర్మా తాగేవాళ్ళు, మా పుస్తకాలకి సమీక్షలు రాసేవాళ్ళు. మా సెక్యులర్ మిత్రులు.

ఒకసారి ఇలాంటి సభలోనే ఒక పెద్దమనిషి అరగంటసేపు ఇస్మాయిల్‌ని ఆకాశానికెత్తి, ఆ ఎత్తు నుంచి మా మీదకి రాళ్ళు వేశాడు. మావాడొకడు లేచి అడిగాడు. 'అయ్యా, ఇస్మాయిల్ పుస్తకాలు ఏమేం చదివారు?' 'చెట్టు నా ఆదర్శం' అన్నాడాయన. 'ఇంకా?' ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. హాలంతా నవ్వింది. మేం ఇంకా గట్టిగా నవ్వాం.

తిరుగు బస్సులో ఆ నవ్వు మాకే అడ్డం తిరిగింది. అదే ప్రశ్న మమ్మల్ని అడిగితే? మాలో చాలామందికి ఆ ఒక్క పుస్తకం కూడా పూర్తిగా తెలీదు. ఆయన్ని చదవకుండా పొగిడేవాళ్ళు వాళ్ళు, చదవకుండా తిట్టేవాళ్ళం మేం.

అవును, తిట్టాం. దాచుకోవడం ఎందుకు? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు మాకు మా ముఖం మొదటిసారి అద్దంలో కనపడినట్టయింది. మరుసటి సంవత్సరం డిసెంబర్ 6న ఆ అద్దమే పగిలింది. 1993లో స్త్రీలు 'నీలిమేఘాలు' తెచ్చారు, 1995లో దళితులు 'చిక్కనవుతున్న పాట' తెచ్చారు, 1998లో మా 'జల్ జలా' వచ్చింది. ఆ పదేళ్ళూ మేం మావాళ్ళ కోసం వెతుక్కుంటున్నాం. తెలుగు సాహిత్యంలో ముస్లిం పేరు ఎక్కడ కనపడితే అక్కడికి పరిగెత్తాం. అలా ఇస్మాయిల్ దగ్గరికీ వెళ్ళాం. ఎలా వెళ్ళాం? కర్ఫ్యూ రోజుల్లో పోలీసులు మా ఇళ్ళకొచ్చినట్టు వెళ్ళాం. అట్టలు తిప్పాం, పేజీలు దులిపాం. మసీదు ఉందా? అమ్మీ ఉందా? అజా వినపడుతోందా? మేం తిప్పిన పేజీల్లో మాకేమీ దొరకలేదు. పుస్తకం మూసి, 'పేరు తప్ప ఏం లేదు, మనవాడు కాదు' అని తీర్పు రాసేశాం.

కాకినాడలో తత్వశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ, 1928లో పుట్టి 2003లో వెళ్ళిపోయిన ఆ మనిషిని ఇలా తనిఖీ చేసినవాళ్ళలో మేం మొదటివాళ్ళం కూడా కాదు. 1965 నుంచి 1968 దాకా దిగంబర కవులు మూడు సంపుటాలతో తెలుగు కవిత్వం చెంప పగలగొట్టారు. 1970లో విరసం వచ్చింది. నీ పక్షం ఏది అని ప్రతి కవినీ నిలదీసిన కాలం అది. ఆ వేడిలో, 1976లో, ఇస్మాయిల్ 'మృత్యువృక్షం' అనే పుస్తకం పట్టుకొచ్చాడు. 'అనుభూతివాది' అన్నారు ఆయన్ని. మెచ్చుకునేవాళ్ళ నోట్లో అది బిరుదు, మిగిలినవాళ్ళ నోట్లో తిట్టు. వాళ్ళు నీ వర్గం ఏదన్నారు. ఇరవై ఏళ్ళ తర్వాత మేం వెళ్ళి నీ కౌమ్ ఏదన్నాం. ప్రశ్నలో ఒక్క ముక్క మారింది, అంతే. ఆయన 1982లోనే జవాబు చెప్పి కూర్చున్నాడు, చెట్టు నా ఆదర్శం అని. ఆ జవాబు ఎవరికీ నచ్చలేదు. అది తప్పించుకోవడమని వాళ్ళూ అనుకున్నారు, మేమూ అనుకున్నాం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆయనతో మా తగాదా తీరిపోలేదు. నినాదం కవిత్వం కాదని ఆయన వచనంలో గట్టిగానే వాదించాడు. మేం ఒప్పుకోం. గొంతు నొక్కినప్పుడు వచ్చే అరుపు కూడా కవిత్వమే అవుతుంది, 'పుట్టుమచ్చ' అందుకు రుజువు. అరిచే అవసరం రాకపోవడం కూడా ఒక అదృష్టమే, అది అందరికీ దక్కదు అని మాలో ఒకరు ఇప్పటికీ అంటారు. ఆ మాటని మేం కొట్టెయ్యం. అయినా ఒక కవి సిద్ధాంతంతో తగాదా పడటం వేరు, ఆయన పద్యం చదవకపోవడం వేరు. మేం రెండోదాన్ని మొదటిదని చెప్పుకుని తిరిగాం.

చివరికి చదవడానికి కూర్చున్నాం. దర్జీ షాపు వెనక గదిలో, జుమ్మా నమాజు తర్వాత, ఏడెనిమిది మందిమి. మొదటి నెల నరకం.

ఇస్మాయిల్ కష్టమైన కవి అంటే నవ్వుతారు. కష్టమైన కవి అంటే సంస్కృత సమాసాలతో దారి మూసేవాడనో, 'మో' లాగా వాక్యాన్ని ముక్కలు చేసి చేతిలో పెట్టేవాడనో మనకో లెక్క ఉంది. ఇస్మాయిల్ దగ్గర ఆరో తరగతి పిల్లాడికి తెలీని మాట దొరకడం కష్టం. నాలుగైదు చిన్న పాదాలు. ఒక పిట్ట వస్తుంది, కొమ్మ కదులుతుంది, అయిపోతుంది. అయిపోయిందా? అదే మా ప్రశ్న. ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం. 'దీని భావమేమి?' అని పరీక్ష పేపరు అడిగినట్టు అడుక్కునేవాళ్ళం. ఎవరి దగ్గరా గైడు లేదు.

తర్వాత అర్థమైంది, తప్పు మా చెవిది. మా చెవులు ముషాయిరాల్లో పెరిగినవి. ఖవ్వాలీ, మొహర్రంలో మర్సియా, గజల్‌లో మళ్ళీమళ్ళీ వచ్చి తలుపు తట్టే రదీఫ్. షేర్ మొదటి పాదం విన్నప్పుడే రెండో పాదం కోసం నోట్లో 'వాహ్' సిద్ధంగా ఉంటుంది. వినేవాడు అరిస్తేనే అక్కడ పద్యం పూర్తవుతుంది. ఇటు చూస్తే మేం పెరిగిన ఉద్యమ సభల్లోనూ అంతే, పాదం చివర పిడికిలి లేవాలి. ఇస్మాయిల్ పద్యంలో వాహ్ అనడానికి చోటు లేదు, పిడికిలి ఎత్తడానికీ లేదు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలీని పద్యం ముందు మేం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఆయన వ్యాసాల పుస్తకానికి 'కవిత్వంలో నిశ్శబ్దం' అని పేరు పెట్టాడు. మనిషి ముందే చెప్పాడు, మేం వినలేదు.

దారి చూపించింది మాలో చదువుకున్నవాళ్ళెవరూ కాదు. దర్జీ భాయ్ వాళ్ళ ఖాలా. మాకు చాయ్ ఇవ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడి వినేది. తెలుగు అక్షరాలు రావు. ఒక పద్యం చదవడం అయ్యాక మేం ఎప్పటిలా తలలు గోక్కుంటుంటే, ఆమె అంది: 'ఫిర్ పఢ్ బేటా.' మళ్ళీ చదివాం. 'ఇంకోసారి.' మళ్ళీ చదివాం. మూడోసారి ఆమె ఏమీ అనకుండా ట్రే పట్టుకుని వెళ్ళిపోయింది.

ముషాయిరాలో షేర్ నచ్చితే 'ముకర్రర్' అంటారు, మళ్ళీ అను అని. అది పొగడ్త అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్ళూ. అది చదివే పద్ధతి కూడా. ఒక్కసారి చదివితే ఇస్మాయిల్ పద్యం ఒక బొమ్మ. రెండోసారి ఆ బొమ్మలో ఏం వెయ్యలేదో కనపడుతుంది. ఆ పిట్ట ఎందుకు వచ్చిందో ఆయన చెప్పడు, చూసి తనకేమనిపించిందో చెప్పడు, మనకేమనిపించాలో అసలే చెప్పడు. ఆ చెప్పనిచోట మనం కూర్చోవాలి. అలా ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో మాకు అప్పుడు తెలిసింది, ఊరికే కూర్చునే వీలు మాకెవరూ ఇవ్వలేదు గనక.

సూఫీలు జిక్ర్‌ని రెండు రకాలంటారు. గొంతెత్తి చేసేది జలీ. పెదవి కదలకుండా చేసేది ఖఫీ. గొంతెత్తేవాడికి అల్లా దగ్గర, మౌనంగా ఉన్నవాడికి దూరం అని ఎవరూ అనరు. 'పుట్టుమచ్చ' పక్కన 'చెట్టు నా ఆదర్శం' పెట్టుకోవడానికి మాకు ఈ పోలిక పనికొచ్చింది. కానీ వెంటనే మాలో ఒకరికి ఉత్సాహం ఎక్కువైంది. ఆయన ఇంకో వ్యాసాల పుస్తకం పేరు 'కరుణ ముఖ్యం' కదా, అది రహ్మాన్, రహీమ్ కదా, కాబట్టి ఇస్మాయిల్ సూఫీ అని తేల్చబోయాడు. ఆపాం. బతికుండగా గుర్తింపు కార్డు అడిగాం. పోయాక మేమే ఒకటి తయారుచేసి జేబులో పెడతామా? ఆయన తత్వశాస్త్రం పంతులు. జపాను హైకూల దగ్గర కూర్చుని నేర్చుకున్నవాడు. ఆయన నిశ్శబ్దానికి ఖాన్‌ఖా ఒక్కటే చిరునామా కాదు.

అయితే పాఠకులు ఊరుకుంటారా? ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. 'బాల్చీలో చంద్రోదయం' పుస్తకం తెచ్చిన రోజు ఖాలా ఆ పేరు విని నవ్వింది. 'చాంద్ రాత్ నాడు మగాళ్ళంతా మేడెక్కి చూసేవాళ్ళు. మాకు నూతి దగ్గర పని. మా చాంద్ ఎప్పుడూ బాల్చీలోనే బేటా' అంది. మాలో స్త్రీవాదం మీద వ్యాసాలు రాసినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ నోరెత్తలేదు.

'కప్పల నిశ్శబ్దం' దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది. అది 1997లో వచ్చిన హైకూల పుస్తకం. ఆ పేరు ఒక్కటే తీసుకుందాం. హైకూ తెలిసినవాళ్ళకి బషో కప్ప గుర్తొస్తుంది, పాత కొలనులోకి దూకిన పదిహేడో శతాబ్దపు కప్ప. కానీ గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్ళకి బషో అక్కర్లేదు. వానలు పడి చేలు నిండాక రాత్రంతా కప్పలు. ఆ రొదలో నిద్రపోవడం అలవాటై, రొద ఆగితేనే మెలకువ వస్తుంది. కప్పలు ఎప్పుడు ఆగుతాయి? గట్టు మీద ఎవరో నడిచినప్పుడు. అడుగు చప్పుడు వినపడగానే దగ్గరివి ముందు ఆగుతాయి, తర్వాత చేను చేనంతా. ఎవరో వస్తున్నారన్న కబురు ఆ నిశ్శబ్దమే చెబుతుంది.

మాలో ఒకడు, అతనిది పాతబస్తీ, పుస్తకం కింద పెట్టేశాడు. 'మా గల్లీ కూడా అంతే' అన్నాడు. 1992 డిసెంబర్‌లో వాళ్ళ గల్లీలో రేడియోలు, పిల్లలు, కుట్టుమిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోవడం చెప్పాడు. బూట్ల చప్పుడు కన్నా ముందు నిశ్శబ్దం వచ్చేదట. గుజరాత్ మంటల్లో ఉన్న 2002లో ఏ ఘోరమూ జరగని మా ఊళ్ళో కూడా చీకటి పడ్డాక మా వీధి అలాగే ఉండేది.

గది అంతా కాసేపు అలాగే ఉంది. అప్పుడు ఇంకొకరు అడిగారు. 'ఇది ఇస్మాయిల్ రాశాడా, మనం అంటగడుతున్నామా? మళ్ళీ ఆయన్ని బోనెక్కించడం కాదూ ఇది?'

మూడు వారాలు వాదించుకున్నాం. ఆయన కప్పల మీదే రాశాడు, కప్పలనే చూద్దాం అని ఒక పక్షం. మా భయంతో మేం చదవకపోతే ఎవరి చెవులతో చదవాలి అని ఇంకో పక్షం. తేలలేదు. తేలినంతవరకు ఇదీ: మా గల్లీని ఆ కప్పల దగ్గరికి మోసుకెళ్ళే హక్కు మాకుంది. ఆ గల్లీ ఆయనే కట్టాడని చెప్పే హక్కు లేదు. మాకు ఆయన ఇచ్చిన చోటు ఖాళీ చోటు. అందులో ఖాలా తన బాల్చీ పెట్టుకుంది, పాతబస్తీవాడు తన గల్లీ పెట్టుకున్నాడు. నినాదంతో నిండిపోయిన పద్యంలో వాళ్ళిద్దరికీ చోటు దొరికేది కాదని ఒప్పుకోవడానికి మాకు కొంత సిగ్గేసింది.

ఇప్పుడు సెక్యులర్ మిత్రులకి. అయ్యా, మీరు మెచ్చుకునేది ఇస్మాయిల్ నిశ్శబ్దాన్ని కాదు, మా నిశ్శబ్దాన్ని. మీకు ఆయన మంచి కవి కన్నా ముందు మంచి ముస్లిం. చెట్టు విశ్వజనీనం అంటారు. మెజారిటీ కవి తులసికోట దగ్గర దీపం పెడితే అదీ విశ్వజనీనమే, సంక్రాంతి ముగ్గు వేస్తే తెలుగుతనం, గుడిగంట మోగిస్తే బాల్యజ్ఞాపకం. మేం వజూ తొట్టిలో నీళ్ళ గురించి రాస్తే మాత్రం మతం. మీ కవులెవర్నీ 'మీ హిందూత్వం లేకుండా రాశారు, భేష్' అని మీరు మెచ్చుకోలేదే? ఇస్మాయిల్‌కే ఎందుకా మెచ్చుకోలు? ఆయన దేన్ని వదిలిపెట్టాడని ఆ బహుమతి?

ఇంకో సంగతి. తెలుగు కవుల్లో కలం పేర్లకి కొదవ లేదు. శ్రీశ్రీ, ఆరుద్ర, అజంతా, మో. ఏ మబ్బు పేరో కొమ్మ పేరో ఇస్మాయిల్ కూడా పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. అట్ట మీద ఇస్మాయిల్, ఆ ఒక్క మాటే. మా ఇళ్ళల్లో ఆ పేరు వింటే బక్రీద్ గుర్తొస్తుంది, కత్తి కింద మెడ పెట్టిన కొడుకు గుర్తొస్తాడు. ఆ పేరు పైన పెట్టి కింద చెట్టుని పెట్టాడు. మృత్యువృక్షం, చెట్టు నా ఆదర్శం, చిలకలు వాలిన చెట్టు. మూడు పుస్తకాల పేర్లలో చెట్టే. ఒకదాంట్లో చావు, ఒకదాంట్లో ఆదర్శం, ఇంకోదాంట్లో చిలకలు. సాయిబుకి చెట్టు గురించి చెప్పే హక్కు ఎవరిచ్చారని అడగడానికి ఎవరికీ నోరు రాకుండా చేసిన మనిషి ఆయన. మీరు దాన్ని మర్యాద అనుకున్నారు. మేం పారిపోవడం అనుకున్నాం. అది ఆక్రమణ. 'మీ వాటా ఇంత, మీ సరుకు ఇది, బుర్ఖా బాధలు రాసుకోండి' అని మాకు గీసిపెట్టిన గీతని ఆయన గీత గీసినవాళ్ళకే తెలీకుండా దాటాడు.

ఇక మావాళ్ళకి. ఈ మాట మాకు మేమే చెప్పుకోవాలి, కాస్త మెల్లగా.

చాలా ఏళ్ళ కిందట మా కూర్పు ఒకదానికి ఒక అమ్మాయి పద్యాలు పంపింది. డిగ్రీ చదివేది, వాళ్ళ అబ్బా రిక్షా తొక్కేవాడు. నోటుబుక్కే పంపింది, కాపీలు తీయించుకునే డబ్బులు లేకనేమో. అందులో గోడ మీద బల్లి గురించి ఒక పద్యం ఉంది. బల్లి దీపం దగ్గరికి రావడం, ఆగడం. ఆరు పాదాలు. మేం చదివి, ఆ పిల్లని పిలిపించి, పెద్దరికంగా కూర్చోబెట్టి చెప్పాం. 'బాగుందమ్మా, కానీ ఇందులో ముస్లిం ఎక్కడ? నీ బతుకు రాయి. మీ అబ్బా గురించి రాయి. బుర్ఖా గురించి రాయి.' ఆమె తల ఊపింది. 'సరే భాయ్' అంది. మళ్ళీ రాలేదు. ఏమీ పంపలేదు.

మాకు గీసిన గీతే మేం ఆమెకి గీశాం. బయటివాళ్ళు ముస్లింగా రాయొద్దన్నారు, మేం ముస్లింగా తప్ప రాయొద్దన్నాం. మధ్యలో ఆ బల్లి చచ్చిపోయింది. మాకు ఇస్మాయిల్ అప్పటికే తెలిసుంటే ఆ పిల్ల చేతిలో ఆయన పుస్తకం పెట్టేవాళ్ళం. లేదా నోరు మూసుకుని, 'ముకర్రర్' అనేవాళ్ళం.

ఆమెకి పెళ్ళయిందని, ఏలూరు వైపు ఉంటుందని విన్నాం. నోటుబుక్కు ఇంకా మా దగ్గరే ఉంది. ఆమె అడగలేదు, మేం తిరిగివ్వలేదు. పోయిన జుమ్మా నాడు దాన్ని బీరువాలోంచి తీసి గదికి తెచ్చాం. బల్లి పద్యం ఎవరు చదవాలన్న దగ్గర కాసేపు ఎవరూ ముందుకి రాలేదు. దర్జీ భాయ్ మిషన్ ఆపి వచ్చి కూర్చున్నాడు. ఖాలాకి ఇప్పుడు సరిగ్గా వినపడదు, దగ్గరికి జరిగి గట్టిగా చదవమంది.